గీత అవతలి నాలుగున్నర అడుగులు

(ఆటల్లో తెలుగు నేల: ధారావాహిక)

గత వారం ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో మొదలుపెట్టి సిడ్నీ దాకా కరణం మల్లీశ్వరి వెంట నడిచాం. ఈ వారం దారి హైదరాబాద్‌కు. ఉద్దానం వాళ్ళకు అది తెలియని దారేం కాదు. పలాసలో ఫలక్‌నుమా ఎక్కి అపార్ట్‌మెంట్ల కాపలాకో, కట్టుబడి పనికో అక్కడికి చేరిన వాళ్ళు డొంకూరు నుంచి టెక్కలి దాకా ఏ ఊళ్ళో అడిగినా కనిపిస్తారు. ఆ నగరంలోనే పెరిగి, ఇరవై ఏళ్ళు ప్రపంచమంతా తిరిగి టెన్నిస్ ఆడి, 2023లో రాకెట్ పక్కన పెట్టిన సానియా మీర్జా గురించి ఇప్పటికే బోలెడు రాశారు. అందులో చాలావాటిది ఒకటే వరస. సింగిల్స్‌లో ఎక్కడికో వెళ్ళాల్సిన అమ్మాయి, మణికట్టు దెబ్బతిని ఆగిపోయింది, పాపం, డబుల్స్‌తో సరిపెట్టుకుంది అంటారు. ఆ జాలి అక్కర్లేదన్నదే ఈ వ్యాసం వాదన. తన ఆటలో ఏముందో, ఏం లేదో నిక్కచ్చిగా బేరీజు వేసుకుని ఆమె డబుల్స్ వైపు మళ్ళింది. ఆమెను ఛాంపియన్‌ను చేసింది ఆ మళ్ళడమే. ఇది అభిమానంతో అంటున్న మాట కాదు. స్కోర్లున్నాయి, తేదీలున్నాయి, ఓడిపోయిన ప్రత్యర్థుల పేర్లున్నాయి. వాటినే వరసగా చూద్దాం.

ముందు ఆమె పెరిగిన చోటు గురించి రెండు ముక్కలు. సానియా 1986 నవంబర్ 15న ముంబయిలో పుట్టింది. పసితనంలోనే కుటుంబం హైదరాబాద్ చేరింది. ఆరేళ్ళ వయసులో రాకెట్ పట్టింది. తొలిరోజుల్లో మహేశ్ భూపతి తండ్రి సి.కె. భూపతి దగ్గర కొంత నేర్చుకున్నా, ఎక్కువ కాలం వెన్నంటి ఉండి నేర్పింది తండ్రి ఇమ్రాన్ మీర్జాయే. మన తీరంలో పిల్లలు మడమతో ఇసుక మీద గీత గీసి కబడ్డీ మొదలుపెట్టేస్తారు. రెండు సరుగుడు కర్రలు పాతి వల కడితే వాలీబాల్ కోర్టు అయిపోతుంది. టెన్నిస్ అలా మొదలయ్యే ఆట కాదు. 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పున చదును చేసిన గట్టి నేల కావాలి. చుట్టూ పరుగుకు జాగా కావాలి, అరిగిపోయిన బంతుల స్థానంలో కొత్తవి కావాలి, అన్నిటికీ మించి టీనేజీలోనే ఏడాదంతా దేశాలు తిరగడానికి డబ్బు కావాలి. మల్లీశ్వరికి ఇనుప కడ్డీ, నీలంశెట్టి అప్పన్న లాంటి గురువు ఊరి చుట్టుపక్కలే దొరికారు. టెన్నిస్‌కు అది చాలదు. సానియా అదృష్టం ఏమిటంటే, ఆమె ఎదిగే వేళకు హైదరాబాద్ ఆటల ఊరిగా పేరు తెచ్చుకునే తొందరలో ఉంది. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు అక్కడే జరిగాయి. 2003 నుంచి 2005 దాకా మహిళల డబ్ల్యూటీఏ టోర్నీ కూడా ఆ ఊళ్ళోనే జరిగింది. సాటి భారత అమ్మాయిలు పెద్ద టోర్నీ కోసం విమానమెక్కాల్సి వస్తే, ఆమెకు అది ఇంటి దగ్గరికే వచ్చింది.

ఈ తొలి ఏళ్ళలో ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆమె మొదట అందుకున్న పెద్ద విజయాల్లో చాలావరకు జంటగా ఆడినవే. 2002లో బుసాన్ ఆసియా క్రీడల్లో పదిహేనేళ్ళ వయసులో లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం తెచ్చింది. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్‌ను రష్యా అమ్మాయి అలీసా క్లేబనోవాతో కలిసి గెలిచింది. 2004 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ గెలిచింది. అది ఆమె మొదటి డబ్ల్యూటీఏ టైటిల్, సింగిల్స్ టైటిల్‌కు సరిగ్గా ఏడాది ముందు వచ్చింది. డబుల్స్ అంటే గాయాల తర్వాత వెతుక్కున్న ఆసరా అనేవాళ్ళు ఈ మూడు తేదీలు చూస్తే చాలు. ఆ ఆట ఆమెకు మొదటి నుంచీ ఒంటబట్టింది. మనమే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

సింగిల్స్ రికార్డును తక్కువ చేసి చూపడం నా ఉద్దేశం కాదు. 2005లో ఆమె చేసింది అంతకు ముందు ఏ భారత మహిళా చేయలేదు. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్ చేరింది. అంతకు ఏడేళ్ళ క్రితం అదే టోర్నీలో నిరుపమా వైద్యనాథన్ ఒక్క మ్యాచ్ గెలిస్తేనే దేశం చరిత్ర అనుకుంది. ఫిబ్రవరి 12న హైదరాబాద్ ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళ అయింది. మార్చిలో దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను 6-4, 6-2తో మట్టి కరిపించింది. యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్ళింది. మరుసటి ఏడాది సియోల్‌లో మార్టినా హింగిస్‌ను మూడు సెట్లలో ఓడించింది. 2007 ఆగస్టు 27న ప్రపంచ 27వ ర్యాంకు అందుకుంది. కంప్యూటర్ ర్యాంకులు మొదలయ్యాక మన మగవాళ్ళలో కూడా 27 దాటి పైకి వెళ్ళింది విజయ్ అమృతరాజ్, రమేశ్ కృష్ణన్ ఇద్దరే. ఇంత సాధిస్తున్న అమ్మాయి గురించి ఆ రోజుల్లో దేశంలో సాగిన చర్చ మాత్రం ఎక్కువగా స్కర్టు పొడవు చుట్టూనే తిరిగింది. ఆ గొడవకు ఈ వ్యాసంలో ఇంతకు మించి చోటు ఇవ్వడం దండగ.

అయితే అదే 2005లో ఇంకో రెండు స్కోర్లున్నాయి. ఆస్ట్రేలియాలో సెరెనా విలియమ్స్ చేతిలో 1-6, 4-6. న్యూయార్క్‌లో టాప్ సీడ్ మారియా షరపోవా చేతిలో 2-6, 1-6. కుజ్నెత్సోవాను కంగు తినిపించిన ఆట వీళ్ళిద్దరి ముందు ఎందుకు తేలిపోయింది? ఆమె ఆటను తెలిసినవాళ్ళు చెప్పే జవాబు ఒకటే. సానియా ఫోర్‌హ్యాండ్ ఆ కాలపు మహిళల టెన్నిస్‌లో అతి గట్టి దెబ్బల్లో ఒకటి. మణికట్టు చివరి క్షణంలో తిప్పి బంతిని బల్లపరుపుగా కోర్టు మూలకు పంపేది. సర్వీసును తిరగ్గొట్టడంలోనూ దిట్ట. కానీ రెండో సర్వీసు మెత్తన. అటూ ఇటూ పరుగెత్తించే ప్రత్యర్థి ఎదురైతే పాదాలు వెనకబడేవి. సింగిల్స్‌లో కోర్టు వెడల్పు 27 అడుగులు, అదంతా ఒక్క మనిషే కాచుకోవాలి. సెరెనా, షరపోవా లాంటివాళ్ళు ఆ మెత్తని సర్వీసు మీద విరుచుకుపడి, మరుసటి దెబ్బకు అవతలి మూలకు కొడితే ఎంత గొప్ప ఫోర్‌హ్యాండ్ ఉన్నా దాన్ని వాడే అవకాశమే రాదు. డబుల్స్‌లో పక్క గీతలకు అవతల చెరో నాలుగున్నర అడుగులు కలిసి కోర్టు 36 అడుగులవుతుంది. దాన్ని ఇద్దరు పంచుకుంటే మనిషికి పద్దెనిమిది. సర్వీసు మెత్తగా పడినా వల దగ్గర భాగస్వామి కాపు కాస్తుంటుంది కాబట్టి ప్రత్యర్థి ఇష్టం వచ్చిన చోటికి కొట్టలేదు. పరుగు భారం తగ్గుతుంది, రిటర్న్ విలువ పెరుగుతుంది. సానియా బలాలకు ధర పలికేది, బలహీనతలకు శిక్ష తగ్గేది ఈ కొలతల్లోనే.

దీనికి తోడు ఒళ్ళు సహకరించలేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు నొప్పితో సింగిల్స్ మ్యాచ్ మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. మొత్తం మీద మణికట్టుకు ఒకటి, మోకాళ్ళకు రెండు శస్త్రచికిత్సలు జరిగాయి. 2012 తర్వాత ఆమె సింగిల్స్ ఆడలేదు. అప్పటికి వయసు 26. ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. గాయాలు తరిమితేనే కదా ఆమె డబుల్స్‌కు వెళ్ళింది, దాన్ని నిర్ణయం అని ఎలా అంటారు? తరిమాయన్నది నిజమే. కానీ గాయపడిన క్రీడాకారిణి ముందు ఎన్నో దారులుంటాయి. చాలామంది వందో ర్యాంకు, రెండు వందలో ర్యాంకు చుట్టూ తిరుగుతూ, పాత పేరు మీద వైల్డ్ కార్డులు తీసుకుంటూ, మొదటి రౌండ్లలో ఓడుతూ మరో నాలుగైదేళ్ళు లాగిస్తారు. ఆమె అలా చేయలేదు. సింగిల్స్‌లో తెచ్చుకున్న పేరును వదిలేసి, లోకం రెండో మెట్టుగా చూసే ఆటలోకి పూర్తిగా దిగింది. మల్లీశ్వరి 1994, 95ల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో ఆమె కాంస్యం తెచ్చింది 69 కిలోల విభాగంలో, మొత్తం 240 కిలోలు ఎత్తి. పాత బరువును పట్టుకుని వేలాడి ఉంటే భారత మహిళలకు తొలి ఒలింపిక్ పతకం ఆ రోజు వచ్చేదా? విభాగం మార్చినందుకు మల్లీశ్వరిని చూసి ఎవరూ జాలిపడలేదు. సానియా విషయంలోనే ఆ జాలి ఎందుకో తెలియదు.

మగవాళ్ళ విషయంలోనూ జాలిపడలేదు. 1999లో నాలుగు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ ఫైనల్స్‌కూ చేరి రెండు గెలిచిన లియాండర్ పేస్, మహేశ్ భూపతిలను దేశం నెత్తిన పెట్టుకుంది. వాళ్ళ సింగిల్స్ ర్యాంకులు ఎంతో చూడండి. పేస్ అత్యుత్తమం 73, భూపతిది 217. 2024 జనవరిలో 43 ఏళ్ళ వయసులో డబుల్స్ నంబర్ వన్ అయిన రోహన్ బోపన్నది 213. సింగిల్స్‌లో వీళ్ళందరికంటే ఎంతో పైకి వెళ్ళిన అమ్మాయి డబుల్స్‌లో గెలిస్తే మాత్రం సరిపెట్టుకుందని అంటున్నాం. ఇందులో టెన్నిస్ కంటే ఇంకేదో ఉంది.

ఇక ఫలితాలు. 2013లో బెథనీ మాటెక్-శాండ్స్, జెంగ్ జీ, కారా బ్లాక్ అనే ముగ్గురు వేర్వేరు భాగస్వాములతో ఐదు టైటిళ్ళు. 2014లో బ్రూనో సోరెస్‌తో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్. అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడల్లో విశాఖ ఆటగాడు సాకేత్ మైనేనితో కలిసి మిక్స్‌డ్ స్వర్ణం. ఇది మన వైపు వాళ్ళు మరిచిపోకూడని పతకం. ఏడాది చివర సింగపూర్‌లో ప్రపంచంలోని మేటి జంటలు ఆడే డబ్ల్యూటీఏ ఫైనల్స్‌లో కారా బ్లాక్‌తో కలిసి షే సు-వే, పెంగ్ షువాయ్ జంటను 6-1, 6-0తో చిత్తు చేసింది. 2015 మార్చిలో మార్టినా హింగిస్ తోడైంది. ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్ మూడూ వరసగా గెలిచారు. ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. ఏ భారత మహిళా అంతకు ముందు ఆ స్థానం చూడలేదు. మొత్తం 91 వారాలు ఆమె అక్కడ ఉంది. 2015లో పది టైటిళ్ళు, 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్, ఆ రెండేళ్ళ మీదుగా 41 మ్యాచ్‌ల వరుస విజయాలు.

ఈ పరుగులో ఒక్క మ్యాచ్‌ను దగ్గరగా చూడాలి. 2015 జూలై 11, వింబుల్డన్ మహిళల డబుల్స్ ఫైనల్, సెంటర్ కోర్టు. ఎదురుగా రష్యా జంట ఎకతెరీనా మకరోవా, ఎలెనా వెస్నినా. నాలుగేళ్ళ ముందు ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌కు సానియా చేరింది ఈ వెస్నినాతోనే. మొదటి సెట్ 5-7తో పోయింది. రెండోది టైబ్రేక్‌లో వచ్చింది. మూడో సెట్‌లో 2-5. అంటే ఇంకో గేమ్ పోతే కప్పు పోయినట్టే. అక్కడి నుంచి వరసగా మూడు గేమ్‌లు గెలిచి 5-5 చేశారు. వెలుతురు తగ్గిపోవడంతో ఆట ఆపి పైకప్పు మూశారు. ఊపు మీద ఉన్న జంటకు ఆ విరామం మంచిది కాదు. ఒళ్ళు చల్లబడుతుంది, చేతిలో ఉన్న లయ పోతుంది, అవతలివాళ్ళకు ఊపిరి పీల్చుకునే సమయం దొరుకుతుంది. దీపాల వెలుగులో మళ్ళీ దిగి మిగిలిన రెండు గేమ్‌లూ గెలిచారు. 5-7, 7-6, 7-5. 2-5 దగ్గర వెనకబడిన మ్యాచ్‌ను కేవలం అదృష్టం లాక్కురాదు. ప్రత్యర్థి సర్వీసును పదే పదే లోపలికి తిరగ్గొట్టి ఒత్తిడి పెట్టగలిగితేనే అది సాధ్యం. సింగిల్స్‌లో పరుగుల మధ్య వృథాగా పోయిన అదే రిటర్న్ ఇక్కడ కప్పు తెచ్చింది.

రెండో అభ్యంతరం బరువైనది. డబుల్స్‌లో పోటీ తక్కువ, మేటి సింగిల్స్ క్రీడాకారిణులు ఆడరు, అందుకే గెలుపు సులువు అంటారు. ఇందులో నిజం ఉంది, దాచడం ఎందుకు? డబ్బు లెక్కే సాక్ష్యం. 2015 యూఎస్ ఓపెన్ సింగిల్స్ విజేతకు 33 లక్షల డాలర్లు. అదే టోర్నీ డబుల్స్ గెలిచిన సానియా, హింగిస్‌లకు ఇద్దరికీ కలిపి 5 లక్షల 70 వేలు. డబ్బు ఎక్కడుంటే ఒంటిని కాపాడుకుని అక్కడే ఆడతారు, అది సహజం. కానీ పోటీ తక్కువ అన్నది ఒకటి, ఆటే తక్కువ రకం అన్నది వేరొకటి. ఆ 2015 చివర డబ్ల్యూటీఏ ఫైనల్స్‌లో తుది పోరులో ఎదురైంది గార్బీన్ ముగురుజా, కార్లా సువారెజ్ నవారో. ముగురుజా ఆ ఏడాది వింబుల్డన్ సింగిల్స్ ఫైనలిస్టు, ఏడాది ముగిసేసరికి సింగిల్స్‌లో ప్రపంచ మూడో ర్యాంకర్. సానియా, హింగిస్ వాళ్ళను 6-0, 6-3తో ఓడించారు. సింగిల్స్‌లో మూడో ర్యాంకు ఉన్నంత మాత్రాన డబుల్స్ కోర్టులో దిగగానే గెలిచేయలేరు. రిటర్న్ ఎవరి మీదుగా పంపాలి, వల దగ్గర ఎప్పుడు అడ్డు దూకాలి, ఒక బంతికి ఇద్దరూ కదిలితే ఎవరు ఆగాలి అన్నవి విడిగా నేర్చుకోవాల్సిన విద్యలు. విలియమ్స్ అక్కచెల్లెళ్ళు రెండింట్లోనూ రాణించారంటే అది వాళ్ళ ప్రత్యేకత. అందరికీ ఆ కొలత పెట్టలేం.

మూడోది ఇంకా సూటిగా ఉంటుంది. అదంతా హింగిస్ గొప్పతనమే, సానియా పక్కన నిలబడింది అంటారు. డొంకూరు ఒడ్డున అలివి వల లాగేటప్పుడు ఉత్తరపు తాడు జట్టు చేపను పట్టిందా, దక్షిణపు జట్టు పట్టిందా అని ఎవరైనా అడిగితే జాలర్లు నవ్విపోతారు. అయినా అడిగారు కాబట్టి లెక్క తేల్చే వీలు ఇక్కడ ఉంది. సానియా గెలిచిన డబ్ల్యూటీఏ డబుల్స్ టైటిళ్ళు 43. అందులో హింగిస్‌తో గెలిచినవి 14. మిగిలిన 29 వేరే చేతులు పట్టుకుని గెలిచినవే, 2004లో హ్యూబర్‌తో మొదలై 2021లో ఓస్ట్రావాలో జాంగ్ షువాయ్‌తో ముగిశాయి. ఇంతకంటే గట్టి సాక్ష్యం 2016 ఆగస్టులో ఉంది. అప్పటికి ఇద్దరూ విడిపోయారు. ఆ వెంటనే జరిగిన సిన్సినాటి ఫైనల్లో ఒక పక్క సానియా, బార్బొరా స్ట్రిట్సోవా. ఇంకో పక్క హింగిస్, కోకో వాండవే. సానియా జంట 7-5, 6-4తో గెలిచింది. అప్పటిదాకా ఇద్దరూ పంచుకున్న నంబర్ వన్ స్థానం ఆ గెలుపుతో సానియా ఒక్కదానిదే అయింది. హింగిస్ వల్ల ఆమె ఆటకు మేలు జరగలేదని కాదు. సింగిల్స్‌లో ఒకప్పుడు ప్రపంచాన్ని ఏలిన మనిషి వల దగ్గర నిలబడి కోణాలు చూస్తుంటే వెనక ఫోర్‌హ్యాండ్ కొట్టేవాళ్ళకు ధైర్యం వస్తుంది. కానీ ఆ ఫోర్‌హ్యాండ్ లేకపోతే హింగిస్‌కు వల దగ్గర అందుకోవడానికి తేలిక బంతులు వచ్చేవి కావు.

ఆమె గెలిచిన ఆరు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు మిక్స్‌డ్ డబుల్స్ కదా, వాటికేం విలువ అనే గొణుగుడు కూడా ఉంది. మిక్స్‌డ్‌ను నేనూ అంత ఎత్తున పెట్టను. భూపతితో 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్, 2012 ఫ్రెంచ్ ఓపెన్, సోరెస్‌తో 2014 యూఎస్ ఓపెన్ మూడూ కొట్టేసినా వింబుల్డన్, యూఎస్ ఓపెన్, ఆస్ట్రేలియన్ ఓపెన్ మహిళల డబుల్స్ మిగులుతాయి. 2015 జూలై నుంచి 2016 జనవరి దాకా, వరసగా మూడు గ్రాండ్‌స్లామ్‌లు. నా వాదనకు ఆ మూడు చాలు.

ఒలింపిక్స్ మాత్రం ఆమెకు దక్కలేదు, దాన్ని ఒప్పుకోవాలి. 2016 రియోలో బోపన్నతో కలిసి మిక్స్‌డ్ సెమీఫైనల్ చేరి, వీనస్ విలియమ్స్, రాజీవ్ రామ్ జంట చేతిలో మొదటి సెట్ గెలిచి కూడా ఓడింది. కాంస్యం మ్యాచ్ కూడా పోయింది, నాలుగో స్థానం. అంతకు ముందు 2012లో జరిగిన సంగతి ఇంకా చేదైనది. లండన్ జట్టు ఎంపికలో పేస్, భూపతి, బోపన్నల మధ్య రగిలిన గొడవను సర్దడానికి మిక్స్‌డ్‌లో సానియాను పేస్‌కు జోడీ చేశారు. అసంతృప్తితో ఉన్న ఒక పెద్ద ఆటగాణ్ణి బుజ్జగించడానికి తనను ఎరగా వాడారని ఆమె బహిరంగంగా ప్రకటన రాసి విడుదల చేసింది. రెండు వారాల ముందే భూపతితో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన మనిషి ఆమె. జంట ఆటలో ఎవరితో ఎవరు ఆడాలన్నది ఆటకు సంబంధించిన ప్రశ్న. దాన్ని మగవాళ్ళ అలకలు తీర్చే లెక్కగా మార్చడం మన టెన్నిస్ పెద్దలు చేసిన తప్పు. డబుల్స్‌ను మనం ఎంత చులకనగా చూస్తామో ఆ ఎంపికే చెప్పింది.

ఆమె వెనక ఎవరొచ్చారు అన్న ప్రశ్న న్యాయమైనది. సింగిల్స్‌లో ఆమె తర్వాత ఏ భారత మహిళా మొదటి వందలో నిలవలేదు. రష్మిక భమిడిపాటి, సహజ యమలపల్లి లాంటి తెలుగు అమ్మాయిలు బిల్లీ జీన్ కింగ్ కప్‌లో దేశానికి ఆడుతున్నారు గానీ, అంత దూరం వెళ్ళేందుకు కావలసిన టోర్నీలు, డబ్బు, ప్రయాణాలు ఇప్పటికీ కొద్దిమందికే అందుతాయి. ఈ లోటును ఒక్క క్రీడాకారిణి ఖాతాలో రాయలేం. ఆమె చేయగలిగింది ఆమె చేసింది. 2013లో హైదరాబాద్ శివార్లలోని ముర్తుజగూడలో అకాడమీ పెట్టింది. 2018 అక్టోబర్‌లో కొడుకు పుట్టాడు. మొత్తం రెండేళ్ళకు పైగా విరామం తర్వాత 2020 జనవరిలో హోబర్ట్‌లో తిరిగి దిగి, నదియా కిచెనోక్‌తో కలిసి ఆ టైటిలే గెలిచింది. అదే ఏడాది మన జట్టు తొలిసారి ఫెడ్ కప్ ప్లే ఆఫ్స్‌కు చేరడంలో ఆమె పాత్ర ఉంది. 2021లో టోక్యోలో అంకితా రైనాతో ఆడింది ఆమెకు నాలుగో ఒలింపిక్స్. ముప్పై నాలుగేళ్ళ తల్లి, మూడు శస్త్రచికిత్సలు దాటిన ఒళ్ళు. సింగిల్స్‌నే పట్టుకుని ఉంటే ఈ తిరిగి రావడం జరిగేదే కాదు.

2023 జనవరి 27న మెల్‌బోర్న్‌లో బోపన్నతో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్ ఆడి, బ్రెజిల్ జంట లూయిసా స్టెఫానీ, రఫాయెల్ మటోస్ చేతిలో 6-7, 2-6తో ఓడింది. ముప్పై ఆరేళ్ళ వయసులో, చివరి గ్రాండ్‌స్లామ్‌లో ఫైనల్. ఫిబ్రవరి 21న దుబాయ్‌లో అమెరికా క్రీడాకారిణి మాడిసన్ కీస్‌తో కలిసి ఆడిన మొదటి రౌండ్ డబుల్స్ ఆమె చివరి అధికారిక మ్యాచ్. 4-6, 0-6తో ఓడారు. మార్చి 5న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో సొంత ఊరి జనం ముందు ప్రదర్శన మ్యాచ్‌లు ఆడి సెలవు తీసుకుంది. 2005లో బొండరెంకోతో ఫైనల్ జరిగింది కూడా ఆ ప్రాంగణంలోనే.

వచ్చే వారం వీరఘట్టం వెళ్దాం: కోడి రామమూర్తి నాయుడు.

(సశేషం)